దెయ్యంతో సహా

"టీకి నీళ్ళు పెట్టొస్తాను, మీరు పైగదులు చూస్తూ ఉండండి" అని ఇల్లు చూడ్డానికొచ్చిన దంపతులకు చెప్పి ఆబ్రీ వంటింట్లోకి వెళ్ళాడు. పొయ్యి మీద కెటిల్ పెట్టాడు. పక్కనున్న సామాన్ల గదిలో దూరి, జామ్ సీసాల అర వెనకున్న పలకను జరిపి, గోడలోకి ఒదిగి కూర్చున్నాడు.

నాలుగువందల ఏళ్ళ కిందట కాథలిక్ మతాన్ని నిషేధించిన ఇంగ్లండు రాణిగారి భటులు వెతుక్కుంటూ వస్తే ఆ మత పాదరీలు దాక్కోవడానికి కట్టిన ఇరుకు చోటది. పొగగొట్టాన్ని ఆనుకుని ఉండడంతో, అందులో దగ్గితే మార్ల్‌కాట్ హాల్ అనే ఆ ఇంటి పైగదులన్నిటిలోనూ వినబడుతుంది. ఇప్పటికి పదకొండు మంది కొనడానికొచ్చి, ఆ దగ్గు విని, అయిపూ అజా లేకుండా పోయారు.

అమ్మకానికి పెట్టింది ఆబ్రీయే. భార్య హెస్టర్ పోయాక రెండు చలికాలాలు ఒక్కడే నెట్టుకొచ్చాడు. కప్పు మూడుచోట్ల కారుతోంది. పురాతన భవనమని మేకు కొట్టాలన్నా కౌన్సిల్ అనుమతి కావాలి. హెరిఫర్డ్‌లోని వృద్ధాశ్రమంలో గది కూడా మాట్లాడుకున్నాడు. తీరా వాకిట్లో 'అమ్మబడును' బోర్డు పాతాక, హెస్టర్ నాటిన గులాబీ తీగ పక్కన దాన్ని చూసి అతనికి ఇల్లు వదలబుద్ధి కాలేదు. ఎవరూ కొనకపోతే వెళ్ళక్కర్లేదు కదా అనిపించింది.

చేతికర్రతో గోడ మీద మూడు దెబ్బలు కొట్టాడు. మూలిగాడు. దగ్గాడు. దగ్గుకి మాత్రం నటన అవసరం లేదు, నవంబరు నుంచీ అది అసలైనదే.

పైన ఠప్పుమని చప్పుడైంది.

"క్లెమెంట్, తల! దూలాలు కిందికున్నాయని చెప్పానా లేదా?"

"చెప్పావు. తగిలాక చెప్పావు."

"ఉష్! ఎవరో దగ్గుతున్నారు."

"పాత ఇల్లు కదండీ, గాలి అలాగే..." ఏజెంటు రూపర్ట్ నసిగాడు.

"గాలికి కఫం ఉండదు నాయనా. ముప్పయ్యేళ్ళు నర్సుగా చేశాను."

కింద కెటిల్ ఈల వేస్తోంది. ఎవరూ దించకపోవడంతో వేస్తూనే ఉంది.

ఆబ్రీ టీ పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి ముగ్గురూ దిగివచ్చారు. క్లెమెంట్ నుదురు రుద్దుకుంటున్నాడు. అతని భార్య డోర్కస్ ఆబ్రీ భుజం మీది సాలెగూడు దులిపింది.

"ఇంట్లో దెయ్యముందా అండీ?"

"అబద్ధమెందుకమ్మా, ఉంది" అన్నాడు ఆబ్రీ విచారంగా. "ఒక పాదరీ. గోడలోనే ప్రాణం పోయింది పాపం."

రూపర్ట్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగువందల ఏళ్ళు."

"తెల్లవారుజామున ఎక్కువా?"

"చాలా."

"మెట్లెక్కుతాడా?"

"ఈమధ్య తగ్గించాడు. మోకాళ్ళు..." అని ఆబ్రీ నాలిక కరుచుకున్నాడు.

డోర్కస్ వయసన్నాక మామూలే అన్నట్టు తలూపింది. క్లెమెంట్ బిస్కెట్ నములుతూ భార్యను అడిగాడు: "దెయ్యాలు తింటాయంటావా?"

"పెట్టేవాళ్ళుంటే తింటాయి."

ఇంత తెలివితక్కువ దంపతుల్ని ఆబ్రీ తన జన్మలో చూడలేదు. ఉక్రోషం అణుచుకుంటూ చక్కెర డబ్బా లాక్కున్నాడు. మూత మీద హెస్టర్ అతికించి పోయిన చీటీ ఇంకా ఉంది: 'చెంచా ఒక్కటే!' అతను రెండు వేసుకున్నాడు. డోర్కస్ డబ్బా మూత వంక ఓసారి చూసి, కిటికీలోంచి గులాబీ తీగను చూస్తూ కూర్చుంది.

మర్నాడే రూపర్ట్ ఫోన్ చేశాడు.

"సార్, కొంటున్నారు! బేరం కూడా ఆడలేదు."

ఆబ్రీ అడిగాడు: "దెయ్యం సంగతో?"

"అదుంటేనే కొంటారట. ఇంట్లో వదిలి వెళ్ళే సామాన్ల జాబితాలో దాన్నీ చేర్చి పంపారు. చేర్చాక అప్పగింత రోజున ఉండి తీరాలి సార్. కిందటేడు ఒకాయన కర్టెన్ కడ్డీలు పట్టుకుపోతే కోర్టుకెక్కారు."

"దెయ్యాన్నెలా అప్పగిస్తారయ్యా?"

"నన్నడిగితే? దగ్గుతుందని ఒప్పుకున్నది మీరు!"

జాబితా టపాలో వచ్చింది. కర్టెన్లు: ఉండును. జామ్ సీసాలు: ఉండును. దెయ్యం: ఉండవలెను. గోడలో చలి కనుక దానికి వంటింటి పక్క గది ఇవ్వడమైనది, హీటరుతో సహా.

"పిచ్చి ముదిరింది" అనుకున్నాడు ఆబ్రీ. కానీ ఆ రోజంతా అదే ఆలోచన. తను వృద్ధాశ్రమంలో పడుకుని ఉంటే, ఇక్కడ ఆ పిచ్చి తల్లి టీ కప్పు పట్టుకుని ఖాళీ గోడ ముందు నిలబడి 'పాదరీగారూ, పాదరీగారూ' అని పిలుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. అతనికి సిగ్గేసింది. పదకొండు మందిని తరిమినప్పుడు వేయని సిగ్గు.

ఫోన్ తీశాడు.

"రూపర్ట్, వాళ్ళకో మాట చెప్పాలి. ఆ దెయ్యం... అసలు దెయ్యమే..."

"ఆగండి సార్, కాగితం వెనక్కి తిప్పారా? ఆవిడ ఇంకో షరతు రాసింది. నాకైతే తలా తోకా తెలియలేదు, మీకే అర్థమవుతుందంది."

ఆబ్రీ కళ్ళజోడు సర్దుకుని కాగితం తిప్పాడు. నర్సుల గుండ్రటి చేతిరాతలో ఒకే ఒక్క వాక్యం ఉంది.

'దెయ్యం టీలో చక్కెర చెంచా ఒక్కటే!'