అమ్మ కుర్చీలో రేడియో

"అమ్మా, నువ్వు లే. అది రేడియో కుర్చీ," అంది చిట్టి.

శీతాకాలం సెలవుల్లో మొదటి ఉదయం. ఊరంతా ముసుగుతన్ని పడుకుంటే, ఈ ఇంట్లోవాళ్ళు మాత్రం తెల్లారకముందే లేచి భోజనాల బల్ల చుట్టూ చేరారు. చిట్టి వాళ్ళమ్మ రేడియోలో అనౌన్సరు. ఏటా ఈ పూట సెలవుల ప్రత్యేక కార్యక్రమం ఆవిడదే. అందరినీ ఇంటిపట్టున హాయిగా ఉండమని చెప్పడానికి ఆవిడ ఇల్లు వదిలి చలిలో పడి స్టేషనుకి వెళ్ళేది. ఈసారి స్టేషన్ డైరెక్టరుతో పోట్లాడి, కార్యక్రమం ముందే రికార్డు చేసిచ్చి, ఇంట్లో కూర్చుంది. ఇలా కూర్చుందో లేదో, లేవమంటున్నారు.

"రేడియోకి కుర్చీ ఏమిటే?"

చిట్టి నాన్న వంక చూసింది. నాన్న టీ కప్పు వంక చూశాడు. చివరికి నాన్నమ్మే నోరు విప్పింది.

"ఈ పూట నువ్వుండవు కదమ్మా. నీ కుర్చీ ఖాళీగా ఉంటే పిల్ల బెంగపడుతోందని, కింద దిళ్ళు వేసి అందులో రేడియో పెట్టేవాళ్ళం. అదే అలవాటైపోయింది."

అమ్మకి మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెబితే ఆవిడ ఆ మైకు ముందు నవ్వుతూ మాట్లాడలేకపోతుందని వాళ్ళకి తెలుసు. లేచి, వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని బల్ల చివర కూర్చుంది. దిళ్ళూ రేడియో వచ్చి కుర్చీలో సర్దుకున్నాయి.

ఈ ఒక్క పూటైనా అన్నీ సవ్యంగా జరగాలని ఆవిడ ఆరాటం. ఆరాటం పెరిగేకొద్దీ ఆవిడ గొంతూ పెరుగుతుంది.

"కాళ్ళు ఊపకు చిట్టీ. స్వెటరు గుండీలు పెట్టుకో. ఆ పాలు ఇంకా ముట్టుకోలేదేం? మీరైనా ఆ పేపరు పక్కన పడేయండి. అందరం కలిసి కూర్చునేదే ఈ ఒక్కపూట."

నాన్న పేపరు మడిచి తొడ కింద పెట్టుకున్నాడు. తన వంతు రాకముందే నాన్నమ్మ శాలువా సర్దుకుంది. చిట్టి పాలగ్లాసుని ఇంకాస్త దూరం జరిపింది.

రేడియోలో సంగీతం ఆగి అమ్మ గొంతు వినిపించింది. "నమస్కారం. లేచారా? ఇంకా దుప్పట్లోనే ఉన్నారా?"

"లేచాం," అన్నారు ముగ్గురూ ఒక్కసారే, రేడియోతో.

అమ్మ ఉలిక్కిపడింది.

"బయట చలి కొరికేస్తోంది కదూ?" అంది రేడియో.

"లేకపోతే," అంది నాన్నమ్మ, చేతులు రుద్దుకుంటూ.

అమ్మకి నవ్వొచ్చింది. "ఎక్కడి చలి? ఎండాకాలంలో రికార్డు చేశాం అత్తయ్యా. చప్పుడొస్తుందని ఫ్యాను కూడా కట్టేశారు. చెమటలు కారిపోతుంటే నేను..."

"ష్, అమ్మ మాట్లాడుతోంది," అంది చిట్టి.



"పిల్లలూ, పాలు తాగారా?" అని రేడియో లాలనగా అడిగింది. చిట్టి గ్లాసెత్తి గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు రేడియోకి చూపించింది. ఇందాకటినుంచీ తను మొత్తుకున్నా ముట్టని పాలు అలా అయిపోవడం చూసి అమ్మకి ఒళ్ళు మండింది. తన గొంతు మీద తనకే కుళ్ళు పుట్టడం ఇదే మొదలు. ఇంత ముద్దుగా నేనెప్పుడు మాట్లాడానబ్బా అని కూడా అనిపించింది.

పాట మొదలవగానే చిట్టి కుర్చీ దగ్గరికి జరిగి, రేడియోకి నోరు ఆనించి గుసగుసలాడసాగింది.

"ఏం చేస్తోందండీ?" అంది అమ్మ, లోగొంతుకతో.

"కబుర్లు చెబుతోంది. మాటల మధ్యలో వెళ్తే నీకు అడ్డం. పాటప్పుడైతే నువ్వు ఖాళీగా ఉంటావట," అన్నాడు నాన్న. "ప్రతి ఏడూ ఇంతే. మాకు కూడా చెప్పదు, ఏం చెప్పిందో."

ఇన్నేళ్ళూ ఆ పాటలప్పుడు ఆవిడ నిజంగానే ఖాళీగా కూర్చునేది. ఇల్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేది. మళ్ళీ, ఇంటెడు చాకిరీ తప్పిందిలే అని కాస్త సంతోషించేది కూడా. రెండూ నిజమే.

అయినా ఫర్వాలేదు. ఆవిడ దగ్గర తురుపు ముక్క ఉంది. రికార్డింగు చివర, డైరెక్టరు చూడకుండా చిట్టి కోసం నాలుగు మాటలు ఇరికించింది. అవి వస్తే చాలు, పిల్ల తన ఒళ్ళో ఉంటుంది. ఆవిడ జుట్టు సవరించుకుని స్టూలు మీద నిటారుగా కూర్చుంది.

"చివరగా మా ఇంట్లో ఉన్న చిట్టితల్లికి," అంది రేడియో. నాన్న కప్పు కింద పెట్టాడు. "ఏటా నీతో ఇక్కడినుంచే మాట్లాడాను. ఈసారి అమ్మ ఇక్కడ లేదమ్మా. నీ పక్కనే ఉంది. తల తిప్పి చూడు."

ముగింపు సంగీతం మొదలైంది. నాన్నమ్మ శాలువా అంచు కళ్ళకి అద్దుకుంది. చిట్టి తల తిప్పింది.

అమ్మ రెండు చేతులూ చాచింది.

చిట్టి ఆవిడని ఎగాదిగా చూసింది. సంగీతం అయిపోయేలోపే చెప్పాలి కాబట్టి, గబుక్కున రేడియో మీదికి వంగింది.

"చూశానమ్మా. ఈవిడ పొద్దున్నుంచీ కసురుతూనే ఉంది. నువ్వే వచ్చెయ్."