ఎర్రశాలువామె

“పోయినవా?”

చిక్కుడుకాయ ఈనె తీస్తున్న జయశీల టీచర్ వేళ్లు ఆగిపోయాయి.

పోలేదని చెప్పడానికే సునీల పొద్దున్నే తొండుపల్లిలోని టీచర్ ఇంటికి వచ్చింది. దారి పొడుగునా ఆ ఒక్క మాటే అనుకుంటూ వచ్చింది. తీరా చూపు మసకబారిన ఆ ముఖం తనవైపు తిరిగేసరికి, “పోయిన టీచర్,” అనేసింది.

టీచర్ ఒకప్పుడు చర్చివాళ్లతో ఫ్రాన్సులోని లూర్దు మాత గుడికి పోయి, తిరుగుదారిలో తులూజ్ అనే పట్నంలో ఆగారు. ఆ ఊరి మ్యూజియంలోని ఒక రంగుల బొమ్మ గురించి ఏటా పిల్లలకు చెప్పేవారు. ఎర్రశాలువా కప్పుకున్న ఆడమనిషి కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంటుందట. “ముఖం కనవడది. అది మీరే గియ్యాలె,” అనేవారు. దేన్నయినా కళ్లు నిలిపి చూడడం సునీల ఆమె క్లాసులోనే నేర్చింది. ఇవాళ ఎయిర్‌పోర్టులో విమానాలు బాగుచేసే కంపెనీలో వెంట్రుకంత పగులును కూడా పట్టుకుంటోందంటే, ఆ కన్ను టీచర్ ఇచ్చిందే.

కంపెనీ ట్రైనింగుకని తులూజ్‌కే పంపుతోందని తెలియగానే, “మీ ఎర్రశాలువామెను చూసొస్త టీచర్,” అని ఎగిరి గంతేసింది. “ఎందుకు బిడ్డా, నీ పని నువ్వు చూస్కో,” అన్నారు టీచర్. మొహమాటమనుకుంది.

ట్రైనింగు అయ్యాక రెండు రోజులు ఖాళీ దొరికాయి. సోమవారమంతా చెప్పులకూ సెంటు సీసాలకూ తిరిగింది. సాలార్‌జంగ్ చూసి పెరిగిన పిల్ల. మ్యూజియానికి సెలవంటే శుక్రవారమే అనుకుంది. మంగళవారం పోతే తలుపు మూసి ఉంది. అక్కడ వారపు సెలవు అదేనట. సాయంత్రమే తిరుగు విమానం. ఆ తలుపు ముందే చాలాసేపు నిలబడి, కళ్లు తుడుచుకుని వచ్చేసింది.

“ఉందా ఆమె?” టీచర్ గొంతు సన్నబడింది.

“ఉంది టీచర్. గట్లనే, కిటికీ కాడ.”

“ఇంక ఇటు తిరగలేదా మహాతల్లి?”

సునీల నవ్వబోయింది. నవ్వు రాక ఒక చిక్కుడుకాయ అందుకుంది. “లేదు టీచర్.”

ఇంటి మీదుగా విమానం పోయింది. రేకులు గలగలమన్నాయి.

“శాలువ రంగు వెలిసిందా?”

“జర వెలిసింది.”

“పక్కన ఇంకేమున్నయి?”

సునీలకు ఒక్కటన్నా నిజం చెప్పాలనిపించింది.

“గవన్ని యాదికి లేవు టీచర్. తలుపు మాత్రం, అబ్బ, ఏం తలుపు! నల్లబడ్డ చెక్క, నిండా ఇనుప మేకులు. ఎడమ దిక్కు కింద ఒక మేకు ఊడిపోయింది. ఆ జాగల ఎవరో చేపబొమ్మ గీకిన్రు. కింద పిల్లి దూరేంత సందు...”

నిజం దొరికిన నాలుక ఇక ఆగలేదు. టీచరే ఆపారు.

“ఆ చేపకు తోక లేదు గదా?”

“లేదు టీచర్.”

“తెరిచున్న తలుపును ఎవ్వరు గింతగనం చూడరు బిడ్డా.”

సునీల తల వాలిపోయింది. “మాఫ్ చెయ్యున్రి టీచర్. మీకు అబద్ధం చెప్పిన. లోపలికే పోలే.”

టీచర్ తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“నేను గూడ మంగళారమే పోయిన బిడ్డా.”