డెబ్బై రెండు మార్కులు

"ఆ బోర్డు మీద ఏం రాసుందో ఒకసారి చదవండి," అంది హారిక.

దుర్గాశ్రీ వినబడనట్టు కార్డు మిషను సర్దుతూ ఉండిపోయింది.

హారిక బ్యాంకు నుంచి వచ్చింది. కార్డుతో కొనేవాళ్ల దగ్గర ఎక్కువ డబ్బు తీసుకోకూడదని, వచ్చే నెల నుంచి కొత్త రూల్సు గట్టిగా అమలు చేస్తారని అమలాపురంలో షాపు షాపుకీ తిరిగి చెబుతోంది. ఎర్రవంతెన దగ్గర బాపిరాజుగారి స్టీలు సామాన్ల కొట్లోకి ఆమె అడుగు పెట్టేసరికి, కౌంటర్లో దుర్గాశ్రీ ఒక పెద్దాయన కార్డు గీకుతోంది. ఫ్లాస్కు ధర మీద వందకి రెండు చొప్పున కలిపి, అలవాటుగా తల పైనున్న బోర్డు చూపించింది.

"రూలండీ. అదుగో, బ్యాంకువాళ్లే రాసి పంపేరు."

అది హారిక చెవిన పడింది.

"చదవండి, పర్లేదు," అంది మళ్లీ.

దుర్గాశ్రీ తలెత్తి చూసింది. ఎనిమిది నెలల క్రితం ఆ బోర్డు తగిలించింది తనే. కార్డు బొమ్మ, కింద వరసగా ఇంగ్లీషు అక్షరాలు. ఒక్కొక్కటీ విడిగా అడిగితే చెప్పగలదు. అన్నీ కలిసి వస్తే మాత్రం చీమల బారే. ఆ రోజు బాపిరాజుగారు "ఏం రాసేరమ్మా?" అని అడిగితే రాదని చెప్పడానికి నోరు రాలేదు. పక్క కొట్లలో తీసుకుంటున్నదే అయ్యుంటుందిలే అనుకుని, "కార్డుకి రెండు శాతం ఎక్కువివ్వాలంటండీ," అనేసింది.

"కళ్లు కొంచెం మసగ్గా ఉన్నాయండీ," అంది ఇప్పుడు.

"పాప రాత్రి పడుకోనివ్వలేదేమో," అన్నారు బాపిరాజుగారు గల్లాపెట్టె దగ్గర్నుంచి. "మా దుర్గ ఇంగ్లీషు మామూలుగా ఉండదు మేడమ్. చదివింది ఎనిమిదో తరగతే గానీ, ఇంగ్లీషులో నూటికి డెబ్బై రెండు! మార్కుల కాయితం చూసి మరీ పనిలో పెట్టుకున్నాను. నాకు ఇంగ్లీషంటే ఆమడ దూరం, ఆయ్."

టిఫిన్ బాక్సులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఇటు తిరిగారు. కౌంటరు పక్కన అట్టపెట్టె మీద కూర్చుని గరిటెలతో ఆడుకుంటున్న బిందు కూడా తలెత్తింది. మొన్ననే ఎల్‌కేజీలో చేరిందేమో, మహా హుషారుగా ఉంది.

"మా అమ్మకి ఇంగ్లీషొచ్చు," అంది హారికతో. "చదువమ్మా!"

దుర్గాశ్రీకి అక్కడికక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. కూతురి కళ్లలోకి చూడలేక చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"నాకు చదవడం రాదండీ."

"అదేంటమ్మా?" అన్నారు బాపిరాజుగారు. "మరి డెబ్బై రెండో?"

"పరీక్షలో మేష్టారే జవాబులన్నీ బోర్డు మీద రాసేసేవారండీ. చూసి దింపేసేదాన్ని. నా రాత గుండ్రంగా ఉంటుందని మార్కులేసేవారు."

హారిక గొంతు తగ్గించి చెప్పింది. "'కార్డుతో చెల్లిస్తే అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు' అని ఉందండీ దాని మీద."

"బాబోయ్!" ఆడవాళ్లలో ఒకామె పక్కామె భుజం మీద చరిచింది. "ఇన్నాళ్లూ దాని కిందే కూచుని, దాన్నే చూపించి మరీ వసూలు చేసిందా!"

ఇద్దరూ నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని బిందు కూడా నవ్వింది. దుర్గాశ్రీ మొహం వేడెక్కిపోయింది.

బాపిరాజుగారు మాత్రం నవ్వలేదు. "లెక్చరర్లొచ్చేరు, డాక్టర్లొచ్చేరు. వాళ్లంతా అది చదివి నన్నేమనుకున్నారో! నా పరువు గోదాట్లో కలిపేసేవు కదమ్మా. రేపట్నుంచి నువ్వు పన్లోకి రానక్కర్లేదు."

దుర్గాశ్రీ బిందుని దగ్గరికి లాక్కుంది. ఈ జీతం ఆగిపోతే బిందు బడి కూడా ఆగిపోతుంది. తన చదువులాగే.

"తప్పు ఆ అమ్మాయిది కాదండీ," అన్నారు ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ పెద్దాయన.

అందరూ అటు చూశారు. దుమ్ము పడదనో ఏమో, ఆయన ఎప్పుడొచ్చినా మొహానికి మాస్కు, నెత్తిన ఉన్ని టోపీ ఉంటాయి. మొదటిసారి వచ్చినప్పుడు బోర్డు వైపు చూసి, దుర్గాశ్రీ వైపు చూసి, "ఎవరమ్మాయివమ్మా? మీదే ఊరు?" అని అడిగారు. చెప్పింది. అప్పట్నుంచి మరో మూడుసార్లు వచ్చారు. ప్రతిసారీ ఏదో చెప్పాలన్నట్టు కాసేపు నిలబడి, చివరికి ఏదో ఒకటి కొనుక్కుని వెళ్లిపోయేవారు. ఎక్కువ తీసుకుంటున్నందుకు కోపమేమోననుకునేది దుర్గాశ్రీ.

"మీ దగ్గర ఎన్నిసార్లు తీసుకున్నారండీ?" అంది హారిక. "బిల్లులుంటే ఎక్కువ తీసుకున్నదంతా వెనక్కి ఇప్పిస్తాను."

"నాలుగుసార్లు. వెనక్కొద్దమ్మా."

"ఈ బోర్డు మీరు చూళ్లేదా?"

"చూసేను. మొదటి రోజే చదివేను."

"చదివీ కట్టేరా!" అంది టిఫిన్ బాక్సు ఆవిడ. "భలేవారే. ఒక్క మాటంటే సరిపోను కదండీ!"

"అదే అడుగుతున్నాను," అంది హారిక. "తప్పని తెలిసి కూడా నాలుగుసార్లు ఎందుకు కట్టేరండీ?"

పెద్దాయన ఫ్లాస్కు కౌంటరు మీద పెట్టారు. మాస్కు కిందికి దించారు. దుర్గాశ్రీ వైపు చూడలేక, బోర్డు వైపు చూస్తూ అన్నారు.

"ఆ డెబ్బై రెండు మార్కులూ వేసింది నేనేనమ్మా."