ఖాళీ కంచం

ఇళ్లల్లో పొయ్యిలు పోయి, అందరూ కాలనీ కిచెన్‌లోనే తింటున్న రోజులవి. ఆదివారమైనా నోటికి కాస్త మార్పుంటుందని హైమవతి, వంటల కాలేజీ పిల్లలు నడిపే హోటల్‌కి వెళ్లింది. గుత్తివంకాయ కొరికిందో లేదో, నోరంతా తడిసిన గోనెసంచి కంపు! లోపల కారం బదులు మిడతల పొడి కూరారు.

"ఛీ ఛీ, ఇదేం కూర!" అని కంచం పక్కకి నెట్టేసింది.

ఆ కూర వండిన కాలేజీ పిల్ల నస్రీన్ చెంచాతో వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

"తిండి పారేస్తే కేసు కదా మేడమ్. మీరు వదిలింది వండినవాళ్లే తినాలని మా ప్రిన్సిపాల్ గారి రూలు."

"నా ఎంగిలా?" హైమవతికి ఒళ్లు జలదరించింది. నోట్లో ముక్క ఇంకా గొంతు దిగలేదు.

"అది కూడా కంచంలో ఉమ్మెయ్యండి, మొహమాటపడకండి. పొద్దున్నుంచి ఇది ఏడో కంచం."

హైమవతి గబుక్కున కంచం వెనక్కి లాక్కుని, ముక్కు మూసుకుని, గుటక గుటకకీ నీళ్లు తాగుతూ ఆఖరి ముక్క దాకా మింగేసింది.

గోడ మీద పచ్చలైటు వెలిగింది. నస్రీన్ ఎగిరి గంతేసింది.

"తినడానికొచ్చినవాళ్లే కంచం ఖాళీ చేస్తే మా పరీక్ష పాసే మేడమ్! పాసైన కూర కాలనీ కిచెన్‌కి వెళ్తుంది. రేపట్నుంచి మీకు రోజూ ఇదే!"