గుప్పెడు కైమా

“ముద్ద జారుగా ఉంది. వంటమనిషివి, ఆ మాత్రం తెలీదా?” అని కసిరింది పెద్దావిడ.

పొయ్యి దగ్గరున్నామె రాజ్మా ముద్దలో ఇంకాస్త ఓట్స్ పొడి కలిపింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి క్యాంటీన్‌లో గరిటె తిప్పిన పెద్దావిడకి ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి గానీ నోటికి మాత్రం ఏ లోటూ లేదు. కుర్చీలోంచి కదలకుండానే వంటిల్లంతా ఏలుతోంది. బీట్‌రూట్ తురుములో నీరు పిండలేదంది. ఉల్లిపాయ మరీ లావుగా తరిగావంది. పొద్దున ఆమె దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేయబోతే, ఇంత చనువేమిటని పెద్దావిడ బెదిరిపోయి కేకలు కూడా వేసింది. అప్పటినుంచీ ఆమె తన పనేదో తాను చేసుకుంటోంది.

పై అరలో డబ్బాల వెనక ఉన్న మందపాటి పెనాన్ని ఆమె తడుముకోకుండా అందుకుంది.

“నిన్ననేగా చేరావు, పెనం అక్కడుందని ఎవరు చెప్పారు?”

“మీరే చెప్పారమ్మా.”

పెద్దావిడ నమ్మలేదు. కానీ గొడవ పెట్టుకునే తీరిక లేదు. నాలుగింటికి కూతురొస్తుందని పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది. ఆ పిల్ల మాంసం, గుడ్డు ముట్టదు. ఈ బర్గర్లు దానికోసమే.

“బిళ్ళ విరక్కుండా గుడ్డు గానీ వేశావా?”

“లేదమ్మా. అవిసె గింజల పొడి నానబెట్టి వేశాను.”

ఇలా అడగడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఆమె అదే జవాబు అంతే నెమ్మదిగా చెప్పింది.

బిళ్ళలు పెనం మీద చిటపటలాడుతుంటే పెద్దావిడ గొంతు తగ్గింది. పరాయి మనిషితో చెప్పుకోవడమే సులువనిపించిందేమో.

“అది మాంసం మానేశానంటే నాకు ఒళ్ళు మండింది. నా చేతి వంట తిని పెరిగి నాకే నీతులా అని. తేడా తెలుస్తుందేమో చూద్దామని దాని బర్గర్‌లో గుప్పెడు కైమా కలిపాను. ‘బాగుందమ్మా’ అంటూ మొత్తం తినేసింది. అప్పుడు చుట్టాలందరి ముందూ నవ్వుతూ చెప్పాను.”

ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది. “ఏమందమ్మా?” అని అడిగింది.

“ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ నా చేత్తో పెట్టింది తినలేదు. ఇవాళ దాని చేతులు పట్టుకుని, తప్పయిపోయిందే అని చెప్పాలి.”

“ఎప్పుడో మర్చిపోయి ఉంటుందమ్మా.”

“నీకేం తెలుసు” అంది పెద్దావిడ.

నాలుగైంది. నాలుగున్నరైంది. పెద్దావిడ కళ్ళు తలుపు మీదనుంచి కదల్లేదు. అంచులు కరకరలాడేలా కాల్చిన బిళ్ళ బన్ను మధ్య చల్లారిపోయింది. ఐదు దాటాక, ఇక రాదని, నా మొహం చూడదని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఈసారి పెద్దావిడ విదిలించుకోలేదు. అంతకంటే ఏం చేయాలో ఆమెకీ తెలియలేదు.

కాసేపటికి పెద్దావిడ కళ్ళు తుడుచుకుని పళ్ళెం దగ్గరికి లాక్కుంది. తన చేత్తో ఓ ముక్క తుంచి ఆమె చేతిలో పెట్టింది.

“పారేయడమెందుకు, నువ్వు తిను. ఉప్పు సరిపోయిందా?”

ఆమె నెమ్మదిగా నమిలి మింగింది.

“బాగుందమ్మా” అంది కూతురు.