అమ్మాయి కోసమే

"అమ్మాయి ఫ్యానా? మొన్ననేగా బాగుచేయించారు?" అంది నానమ్మ, చెవి మిషన్ సర్దుకుంటూ.

"గాలి విసిరే ఫ్యాను కాదమ్మా, గాలి సోకిన ఫ్యాను," అన్నాడు ఆవిడ కొడుకు. లారీ మెకానిక్. చేతికి గ్రీజు, మాటకి కారం. "ఐదుగురు కుర్రాళ్ళ బ్యాండ్ ఒకటుంది. ఎగురుతూ పాడతారు. మన పిల్లకి వాళ్ళంటే ప్రాణం. ఆదివారం మన ఊరొస్తున్నారు. దానికొకటి, తోడుకొకటి, రెండు టిక్కెట్లు తీశా. అప్పుడే చెప్పకు. ఆ పొద్దున చెప్పి ఆశ్చర్యపరుస్తా."

"తోడు నేను వెళ్తాలే బావా," అన్నాడు బావమరిది వెంటనే. పక్క వీధి జిమ్‌లో కోచ్. తుమ్మితే చొక్కా గుండీలు రాజీనామా చేసే ఛాతీ. "అవన్నీ ఆడపిల్లల పాటలు. మగాడు గంటసేపు వింటే మీసం రాలిపోతుంది."

"రాలితే నాదే రాలనీ. కన్నవాణ్ణి, భరించక తప్పుతుందా?"

"మేనమామని నేనుండగా నీకెందుకా కష్టం? పైగా మూడో పాటలో పచ్చజుట్టువాడు మోకాళ్ళ మీద జారతాడు. ఆ తోపులాటలో పిల్లని కాయాలంటే కండ కావాలి."

"మూడో పాట కాదు, నాలుగోది," అనేశాడు మెకానిక్. చేతి గ్రీజు తుడుచుకుంటూ, "అమ్మాయి చెప్పిందిలే" అన్నాడు.

"నాకూ అమ్మాయే చెప్పింది," అన్నాడు కోచ్, గొంతు సవరించుకుని.

ఇద్దరు బలవంతులు బలైపోవడానికి పోటీపడ్డారు. త్యాగం ముదిరి, టిక్కెట్టుని చెరో కొస పట్టుకుని లాగారు. అది చిరిగేలోపు నానమ్మ లాక్కుని కళ్ళజోడు డబ్బాలో పెట్టేసింది.

"ముసలిదాన్ని, నాకెందుకు మీ తగువు? తోడెవరు కావాలో దాన్నే అడుగుతా."

"దాన్నెందుకమ్మా అడగడం? ఆశ్చర్యం పాడవుతుంది," అన్నాడు మెకానిక్, మొహం పాలిపోయి.

"అవునత్తయ్యా, పిల్లని అస్సలు అడక్కండి," అన్నాడు కోచ్.

పొద్దుట్నుంచీ పొసగని బావా బావమరుదులకి ఈ ఒక్క ముక్క దగ్గర శ్రుతి కలిసింది.

అంతలో తలుపు తోసుకుని అమ్మాయి రానే వచ్చింది. మోకాళ్ళదాకా బురద, చంకలో ఫుట్‌బాల్.

"బంగారూ," అంది నానమ్మ, "ఆదివారం నీ ప్రాణంలాంటి ఆ ఐదుగురి పాటలకి నాన్న రావాలా, మామయ్య రావాలా?"

అమ్మాయి ఇద్దరికేసీ చూసింది. నాన్న పైకప్పు చూస్తున్నాడు. మామయ్య తన చెప్పులు చూసుకుంటున్నాడు.

"ఏ ఐదుగురు, నానమ్మా?"