సారా, ఇటు రామ్మా

"సారా, ఇటు రామ్మా! నీకు చోటు పట్టి ఉంచా."

భట్టిప్రోలులో ప్యాసింజరు రైలెక్కిన ప్రశాంతి వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

కిటికీ దగ్గర కూర్చున్న ముసలావిడ, పక్క సీటు మీది చేతిసంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నా పేరు సారా కాదండి మామ్మగారూ, ప్రశాంతి."

"అలాగేలే. కూర్చో సారా."

తెనాలిలో బట్టల కొట్టులో పనికి రోజూ నిలబడి వెళ్లే పిల్లకి సీటు దొరికితే, ఇక పేరుతో పనేముంది! కూర్చుంది.

అది మొదలు. రేపల్లెలో ఎక్కే ఆ ముసలావిడ రోజూ చోటు పట్టి ఉంచేది. రోజూ సారా అనే పిలిచేది. పైగా సీటుకి అద్దె వసూలు చేసినట్టు, రోజూ ఒకటే ప్రశ్న.

"పొద్దున ప్రార్థన చేసుకున్నావా?"

"ఆఁ, చేసుకున్నానండి."

"ఏం అడిగావు?"

చేసుకుంటే కదా చెప్పడానికి! ప్రశాంతి సంచిలో టిక్కెట్టు వెతుక్కోసాగింది.

ఈ సంగతి ఇంట్లో నవ్వుతూ చెప్తుంటే, దోసె తిప్పుతున్న తల్లి అన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. ముందుగదిలో పేపరు చదువుతున్న భర్త జకరయ్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పిలిస్తే పలకవే. నీ సొమ్మేం పోయింది?"

అంతలో అన్న వినయ్ కుమార్ కూతురికి బాప్తిస్మం నిశ్చయమైంది. ప్రశాంతిని జ్ఞానతల్లిగా నిలబడమన్నారు. బిడ్డనెత్తుకుని, ఈ బిడ్డ భక్తిలో పెరిగే పూచీ నాదని దేవుడికి మాటివ్వాలి. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత సంఘమంతా వింటుండగా సొంతమాటలతో ప్రార్థన చేయాలి. అక్కడే వచ్చింది చిక్కు. పాటలంటే ఎన్నయినా పాడుతుంది గానీ, ప్రార్థన చేయమంటే ప్రశాంతికి నోరు పెగలదు. వేరే ఎవరినైనా చూసుకోమంటే అన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నావల్ల కాదండి మామ్మగారూ. చర్చిలో అయ్యగారిలా పెద్ద పెద్ద మాటలు నాకు రావు."

"మీ అమ్మని కాఫీ ఎలా అడుగుతావు?"

"అమ్మా, కాస్త కాఫీ ఇయ్యవే అంటా."

"ఆ మాటలు చాలు. ఊఁ, మొదలెట్టు."

"రైల్లోనా!"

"రైల్లో అయితే ఆయనకి వినపడదా ఏంటి?"

వేమూరు స్టేషను దాకా నసిగింది ప్రశాంతి. మర్నాడు రెండు ముక్కలు వచ్చాయి. ఆపైన, లేవగానే మంచం మీదే కూర్చుని దేవుడితో మాట్లాడటం అలవాటైపోయింది. రైల్లో అబద్ధమాడే అవసరం తప్పింది. ఇంకా చిత్రం, ఒక్కపూట మాట్లాడకపోతే ఆ రోజంతా ఏదో వెలితిగా ఉండేది.

"జ్ఞానతల్లంటే వెండి గిన్నె కొనిచ్చి ఫొటో దిగడం కాదమ్మా," అందొకరోజు ముసలావిడ. "ఆ మాటిచ్చేది మనుషులకి కాదు."

"సరేనండి. అయినా రోజూ తెనాలిలో మీకేం పని మామ్మగారూ?"

"ఒకటే పని. అది దారిలోనే అయిపోతుందిలే."

ఒకరోజు కొట్టులో కలిసి పనిచేసే భవ్య కూడా రైలెక్కింది.

"సారా, ఇక్కడమ్మా!" పెట్టె ఆ చివరి నుంచి కేక.

"ఎవరే ఆవిడ? నిన్నేనా?" భవ్య కిసుక్కున నవ్వింది.

ప్రశాంతికి సిగ్గు ముంచుకొచ్చింది. "ఎవరో పిచ్చావిడలే. పట్టించుకోకు," అనేసింది.

ఆ మాట వినపడిందో లేదో. ముసలావిడ మాత్రం సీటు మీది సంచి మెల్లగా తీసి, నిలబడి ఉన్న ఇంకొకామెకి చోటిచ్చింది.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ప్రశాంతి పెట్టె పెట్టె వెతికింది. క్షమించమని అడుగుదామంటే కనీసం పేరైనా తెలియదు.

బాప్తిస్మం ఆదివారం రానే వచ్చింది. పసిదాన్ని గుండెకి హత్తుకుని నిలబడింది ప్రశాంతి. "జ్ఞానతల్లి ప్రార్థన చేస్తారు," అన్నారు అయ్యగారు.

ప్రశాంతి గొంతు చివరి బెంచీ దాకా వినపడింది.

"ప్రభువా, నీతో మాట్లాడటం నాకు ఈమధ్యే వచ్చింది. రైల్లో ఒక మామ్మగారు నేర్పారు. ఆవిడ్ని నేను నొప్పించాను, ఎక్కడున్నా చల్లగా చూడు. ఆవిడ నాకు పట్టి ఉంచినట్టే, ఈ బిడ్డకి నీ దగ్గర రోజూ చోటు పట్టి ఉంచుతాను. ఆమేన్."

బయటికి రాగానే తండ్రి జకరయ్య దగ్గరికొచ్చాడు. కూతుర్ని చూసి ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"ఎవరమ్మా ఆ మామ్మగారు?"

"రేపల్లె ఆవిడ నాన్నా. పాపం, నన్ను చూసి ఎవరో సారా అనుకునేది."

జకరయ్య పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు.

"హెలెన్..."

"నీకు తెలుసా నాన్నా?"

"పోయిన వారం జ్వరమొచ్చి చనిపోయిందమ్మా. కబురొచ్చినా నేను వెళ్లలేదు. మనం రేపల్లెలో ఉన్నప్పుడు, చర్చి సంఘ పెద్దల ఎన్నికల్లో ఆవిడకీ నాకూ మాటామాటా పెరిగింది. నా గడప తొక్కొద్దు, నా పిల్లకి నువ్వెవరో చెప్పొద్దు అన్నాను."

"చెప్పలేదు నాన్నా. ఒక్కసారి కూడా చెప్పలేదు."

అన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, కూతురి చేతుల్లోని పసిదాన్ని చూసింది.

"ఆవిడ నిన్ను ఇంకెవరో అనుకోలేదే తల్లీ, నువ్వు పొత్తిళ్లలో ఉండగా నిన్నిలాగే ఎత్తుకుని, దేవుడికి మాటిచ్చి, ఆ గొడవతో మనింట్లో వినపడకుండా పోయిన సారా అనే పేరు పెట్టిన నీ జ్ఞానతల్లి ఆవిడే."